ఈ మొక్కకు నీళ్లు పోయకండి, దండం పెడతాను

మొన్న మా పక్క వీధి అమ్మాయి ఫోటో పంపింది. "అక్కా, రోజూ నీళ్లు పోస్తున్నా, కంపోస్టు కూడా వేశా, అయినా కొమ్మలన్నీ వాలిపోతున్నాయి" అని. చూస్తే డెజర్ట్ ప్రిన్స్‌ప్లూమ్ అనే ఎడారి మొక్క. రోజూ పోస్తున్నావు కాబట్టే తల్లీ!

కొలరాడోకి వచ్చిన కొత్తలో నేనూ ఇదే పని చేశాను, అందుకే ఈ కోపం. యూటా వైపు కారులో వెళ్తుంటే, గడ్డి కూడా మొలవని బూడిదరంగు గుట్టల మీద నాలుగైదు అడుగుల ఎత్తున పసుపు కుచ్చులు. ఎవరు పాతారు, ఎవరు పోశారు నీళ్లు? ఎవరూ కాదు. దీని శాస్త్రీయ నామం స్టాన్లియా పిన్నాటా. మన ఆవాల కుటుంబమే. పువ్వుకి ఆవపువ్వులాగే నాలుగు రేకులు, కాకపోతే కేసరాలు పొడుగ్గా బయటికి పొడుచుకొచ్చి కుచ్చు మొత్తం నూగునూగుగా కనిపిస్తుంది. కింద నుంచి పైకి విచ్చుకుంటూ పోతుంది కాబట్టి ఒకే కాడకి కింద సన్నటి కాయలు, మధ్యలో పూలు, కొసన మొగ్గలు.

ఇంకేముంది, నర్సరీకి పరిగెత్తి పూతలో ఉన్న పెద్ద మొక్క కొన్నాను. అక్కడి మనిషి రోజూ తడపమన్నాడు. లాన్ స్ప్రింక్లర్ పక్కనే పాతాను. నెల తిరిగేసరికి మొదలు కుళ్లింది.

దీని బలమంతా తల్లివేరులో ఉంది. ఆ వేరు కుండీలో చుట్టుకుపోయినా, తవ్వేటప్పుడు తెగినా మొక్క కోలుకోవడం కష్టం. అందుకే చిన్న మొక్క కొనాలి, లేదా శరదృతువులో నేరుగా నేలలో విత్తనం చల్లి వదిలేయాలి. విత్తనానికి కావలసిన చలిని చలికాలమే ఇస్తుంది. మొదటి ఏడాది ఆకులే, తర్వాతే పూత. పూర్తి ఎండ కావాలి, నీళ్లు నిలవకూడదు. సారవంతమైన మట్టిలో, తడిలో పెంచితే మెత్తగా, పొడుగ్గా సాగి పడిపోతుంది. మొలక నిలదొక్కుకునే దాకా కాస్త తడి ఇవ్వండి, ఆ తర్వాత మీ చేతులు కట్టేసుకోండి. నా రెండో ప్రయత్నం విత్తనాలతోనే. ఇప్పుడు డ్రైవ్‌వే పక్క కంకర మట్టిలో ఉంది, నేను దాని వైపు వెళ్లేది ఫోటో తీయడానికే.

జెరిస్కేప్ (తక్కువ నీటితో తోట పెంచే పద్ధతి) అనే మాట 1981లో పుట్టింది మా కొలరాడోలోని డెన్వర్ వాటర్ సంస్థలోనే. అలాంటి చోట ఉంటూ ఎడారి మొక్కకి టైమర్ పెట్టి నీళ్లు పెట్టడం ఏమిటో!

ఇక కొండల మీద నుంచి పీక్కొచ్చేవాళ్లు. అది బతకదు. తల్లివేరు సగం అక్కడే ఉండిపోతుంది. కావాలంటే విత్తనాలు కొనుక్కోండి.

ఆవాల జాతి అనగానే మనవాళ్ల మొదటి ప్రశ్న "ఆకు వండుకోవచ్చా?" వద్దు బాబూ. ఇది నేలలోని సెలీనియం అనే మూలకాన్ని పీల్చి ఆకుల్లో దాచుకుంటుంది. నేలలో సెలీనియం ఎక్కువగా ఉన్నచోట ఆకులు పశువులకు విషం. ఇక్కడి ఆదివాసులు తినేవారు, కానీ ఉడికించి నీళ్లు పారబోయడం, మళ్లీ ఉడికించడం వాళ్ల పద్ధతి. మనం పప్పులో వేసి ఒక్క విజిల్‌కి దించేస్తాం.

విషం ఉందని మొక్కను తిట్టేవాళ్లకు ఒక మాట. కాలిఫోర్నియా శాన్ హోకిన్ లోయలో పొలాల నుంచి పారిన నీటితో సెలీనియం కెస్టర్‌సన్ జలాశయంలో చేరి, 1983లో అక్కడ వికృతంగా పుట్టిన పక్షి పిల్లలు బయటపడ్డాయి. ఆ లోయలోని నేలల నుంచి సెలీనియాన్ని లాగేయడానికి శాస్త్రవేత్తలు పరీక్షించిన మొక్కల్లో ఇదొకటి. తనను తినే పురుగుల మీదా, ప్రెయిరీ డాగ్‌ల (బొరియల్లో ఉండే ఉడుత జాతి జంతువుల) మీదా మొక్క వాడే ఆయుధం కూడా ఆ సెలీనియమే. (క్యాబేజీని కొరికి పాడుచేసే డైమండ్ రెక్కల పురుగు మాత్రం దీన్నీ వదల్లేదు. ఆ విషాన్ని తట్టుకునే రకం ఒకటి ఈ మొక్క మీదే దొరికిందని 2006లో పరిశోధకులు రాశారు. మొండిదే!)

ఇదంతా ఆ అమ్మాయికి ఫోన్లో ముప్పావుగంట చెప్పాను. శ్రద్ధగా విన్నది. చివర్లో అడిగింది: "సరే అక్కా, నీళ్లు మానేస్తా. వారానికోసారి కొంచెం వర్మీకంపోస్టు వేస్తే పర్లేదు కదా?"