వంద పేజీలు, ఒక కోతి

హిస్టరీ లెక్చరర్‌గా రిటైరైన మా వీధి సారు ఒకరు నా చేతిలో ఓ ఇటుక పెట్టారు. ఇటుకంటే పుస్తకమే. ఉంబెర్తో ఎకో 1980లో రాసిన 'ది నేమ్ ఆఫ్ ది రోజ్', ఇంగ్లీషు అనువాదం, దగ్గర దగ్గర ఐదు వందల పేజీలు. "చదువు తమ్మీ, చివర చూడు, మతి పోతది" అన్నారు. పెద్దమనిషి ఇంట్లో చాయ్ తాగాక కాదంటే బాగుండదు. తెచ్చుకున్నాను.

కథ మంచిదే. 1327లో ఇటలీలో ఓ కొండ మీది మఠం. సన్యాసులు ఒకరి తర్వాత ఒకరు చచ్చిపోతుంటారు. బయటి నుంచి వచ్చిన ఇంకో సన్యాసి ఏడు రోజులు కూపీ లాగుతాడు. మన ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి చిక్కింది 1323లో. అంటే ఇక్కడ కోట పడిన నాలుగేళ్లకు అక్కడ ఈ చావులన్నమాట. ఈ లెక్క కట్టాక పుస్తకంతో చుట్టరికం కలిసినట్టయింది. కానీ చుట్టం వచ్చాడని సంతోషించడం వేరు, నెలరోజులు భరించడం వేరు.

ఎలా ఉందో చూద్దామని అక్కడక్కడా తెరిచాను. చర్చి గుమ్మం మీది శిల్పాలు. పేజీ తిప్పితే ఇంకా శిల్పాలే. వేయిస్తంభాల గుడి దగ్గర గైడు కూడా మనల్ని అంతసేపు ఎండలో నిలబెట్టడు. మధ్యమధ్య లాటిన్, దానికి అర్థం ఇచ్చిన పాపాన పోలేదు. సరే, చదవాలా వద్దా తేల్చుకుందామని దాని గురించి రాసినవన్నీ చదవడం మొదలుపెట్టాను. ఆ టైంలో నవలే అయిపోయేది. ఒక సంగతి మాత్రం దొరికింది: మొదటి వంద పేజీలు కష్టంగా ఉన్నాయి, తగ్గించమని స్నేహితులు, ఎడిటర్లు అడిగితే రచయిత ససేమిరా అన్నాడట. మఠంలో ఏడు రోజులు ఉండదలిచినవాడు ఆ మాత్రం కష్టపడాల్సిందేనట.

మా ఆవిడకు ఓపిక పోయింది. "చదువుతరా, చదవరా? చదవకుంటే చెప్పుండ్రి, దాంతోని నాకు పనుంది" అంది.

పనేమిటో మర్నాడు డాబా ఎక్కితే తెలిసింది. పాత చీర మీద సగ్గుబియ్యం వడియాలు. గాలికి చీర లేవకుండా మూడు మూలల మూడు ఇటుకలు, నాలుగో మూల ప్రపంచ సాహిత్యం.

హనుమకొండలో డాబా మీద ఏది పెట్టినా అందులో కోతుల వాటా ఉంటుంది. మధ్యాహ్నం చప్పుడు విని పరుగెత్తేసరికి ఒక పెద్ద కోతి వాటర్ ట్యాంకు మీద కూర్చుని ఉంది. ఒక చేతిలో వడియం, ఒళ్లో పుస్తకం. అంత ప్రశాంతంగా ఆ పుస్తకం ముందు నేను ఒక్కరోజూ కూర్చోలేదు. ఒక పేజీ చింపి నమిలింది, నచ్చలేదేమో ఉమ్మేసింది. తర్వాత గుప్పెట్లో ఎన్ని పడితే అన్ని పీకింది. కర్ర చూపిస్తే మిగతాది నా మీదికే విసిరి పోయింది.

చూస్తే నూట నాలుగో పేజీ దాకా లేదు. ఎడిటర్లు బతిమాలినా రచయిత కొయ్యనివ్వని వంద పేజీలను మా కోతి రెండు నిమిషాల్లో కోసేసింది.

ముక్కలు ఏరుతుంటే అరవై రెండో పేజీ దగ్గర వెలిసిపోయిన ఆర్టీసీ టికెట్ ఒకటి దొరికింది, గుర్తు కోసం పెట్టినట్టుంది. అక్కడి దాకా అంచులు నలిగి ఉన్నాయి. ఆ తర్వాత పేజీలు పెళ్లి శుభలేఖల్లా తళతళలాడుతున్నాయి.

పోయింది ఎలాగూ పోయిందని నూట ఐదు నుంచి పట్టుకున్నాను. నాలుగు రాత్రులు వదల్లేదు! చివర ఏమవుతుందో చెప్పను గానీ, అందులో ఓ ముసలాయన అచ్చం మా కోతి చేసిన పనే చేస్తాడు.

సారుకు కొత్త కాపీ ఆర్డర్ పెట్టి, విషయం ఒప్పుకుందామని వెళ్లాను. కూర్చోగానే, "చదివినవా? చివర ఎట్లున్నది?" అన్నారు. కోతి సంగతి చెప్పబోతుంటే జేబులో టికెట్ చేతికి తగిలింది.

"అదిరింది సార్. చివర్ల మీకు బాగ నచ్చిందేంది?" అన్నాను.

సారు చాయ్ గ్లాసు కింద పెట్టి, కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ముందు నువ్వు చెప్పు" అన్నారు.