ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు గారికి, పుల్ రిక్వెస్టుల గడప నుంచి

ప్రాజెక్టు గారూ,

తమరు ఈమధ్య ఓపెన్ సోర్స్ వైపు, అంటే ఎవరైనా చదివి మార్చుకోగలిగే ఉమ్మడి కోడ్ వైపు, దయచేస్తున్నారని తెలిసింది. మేము ఆ కోడ్‌ను కాపాడే మెయింటైనర్లం; పుల్ రిక్వెస్టు అంటే ‘నా మార్పును మీ కోడ్‌లో కలుపుకోండి’ అని మాకొచ్చే అర్జీ. సంతోషం. ఇన్నాళ్లూ తమరి ఇంట లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ వైవా రోజు పొద్దున పుట్టేది, ఎక్స్‌టర్నల్ గారు కుర్చీలోంచి లేవగానే కన్నుమూసేది. ఒక్క పుస్తకమైనా ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు. ఇప్పుడు బతికున్న సాఫ్ట్‌వేర్ మీద చెయ్యి వేస్తామంటున్నారు కాబట్టి ముందుగానే నాలుగు ముక్కలు.

తమరి రికార్డులో ‘ఎగ్జిస్టింగ్ సిస్టమ్, దాని లోపాలు’ అని ఒక పేజీ, ‘ప్రపోజ్డ్ సిస్టమ్, దాని లాభాలు’ అని పది పేజీలు ఉంటాయి. మా దగ్గరున్నదంతా ఎగ్జిస్టింగ్ సిస్టమే. దాని లోపాలు ఇష్యూల్లో (తప్పుల చిట్టాలో) మేమే రాసి పెట్టుకున్నాం. ప్రపోజ్డ్ సిస్టమ్ అంటే అందులో పదకొండు లైన్లు మారడం. ఇందులో నావెల్టీ ఏముందని తమరి కమిటీ అడుగుతుంది. ఈ గొడవ పాతదే లెండి. 1992లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రొఫెసర్ ఆండ్రూ టానెన్‌బామ్ గారు హెల్సింకీ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్‌తో, నువ్వు నా స్టూడెంటువి కాకపోవడం నీ అదృష్టం, ఇలాంటి డిజైన్‌కి పెద్ద గ్రేడు వచ్చేది కాదు అన్నారు. ఆ డిజైన్ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ది. 1991లో బయటికొచ్చిన దాని మీద లీనస్ మాస్టర్స్ థీసిస్ ఇచ్చింది 1997లో. తమరి లెక్కలో పన్నెండు సెమిస్టర్ల ఆలస్యం.

తమరికున్నది పదహారు వారాలు. అందులో పది అబ్‌స్ట్రాక్టుకీ యూఎంఎల్ బొమ్మలకీ ధారపోసి, గడువు ముంచుకొచ్చాక తమరి బ్యాచ్ మా గడప తొక్కుతుంది. ఆ పుల్ రిక్వెస్టును ఒకసారి విప్పి చూద్దాం. శీర్షిక: ‘అప్‌డేట్’. వివరణ ఖాళీ. 1,412 లైన్లు చేర్చారు, 1,409 తీసేశారు. గుండె గుభేలుమంటుంది. తీరా వైట్‌స్పేస్ తేడాలు దాచి చూస్తే మిగిలేది మూడు లైన్ల నల్ చెక్, అంటే విలువ ఖాళీగా ఉందేమో చూసుకునే కోడ్. మంచి చెక్కే! తక్కినదంతా, ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ ట్యాబుల్ని స్పేసులుగా మార్చే ఎడిటర్ గారి పుణ్యం. కమిట్లు, అంటే భద్రపరిచిన మార్పులు, పదిహేడు: ‘ఫిక్స్’, ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘సార్ చెప్పిన మార్పు’. బ్యాచ్‌లో నలుగురున్నారట గానీ కమిట్లన్నీ ఒకే పేరు మీద. ఫోర్క్‌లో (మా కోడ్‌కు తాము తీసుకున్న నకలులో) వేరే బ్రాంచ్ (పక్క పాయ) తెరవకుండా మెయిన్ మీదే పని చేశారు, అందుకే వేరే ఇష్యూకి మొదలుపెట్టిన సగం పని కూడా ఇందులోకే వచ్చి కూర్చుంది. ప్రతి మార్పునూ తనంతట తానే బిల్డ్ చేసి పరీక్షించే సీఐ ఎర్రగా ఉంది. లినక్స్‌లో పాసైన టెస్టు విండోస్‌లో పడింది, ఫైల్ పాత్‌లో స్లాష్ చేత్తో రాశారు మరి. అడుగున ఒక కామెంటు: ‘సార్, ఎల్లుండి వైవా. దయచేసి మెర్జ్ చేయండి.’

పిల్లల తప్పేముంది? మెర్జ్ అయితేనే (మేము కలుపుకుంటేనే) మార్కులని నియమం పెట్టింది తమరు. పరీక్ష తమరిది, పేపరు దిద్దేది మేమా? 2020 అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అనే ఓపెన్ సోర్స్ పండగలో నాలుగు పుల్ రిక్వెస్టులకు టీషర్టు అన్నారు. రీడ్‌మీ (ప్రాజెక్టు పరిచయ) ఫైళ్లలో ‘అద్భుతమైన ప్రాజెక్టు’ లాంటి ముక్కలు తగిలించి జనం ఎగబడ్డారు. నెల మొదటి వారంలోనే నిర్వాహకులు నియమం మార్చి, ఇష్టపడి చేరిన రిపాజిటరీలకే (కోడ్ దాచే చోట్లకే) దాన్ని పరిమితం చేయాల్సొచ్చింది. టీషర్టుకే అంత తొక్కిసలాటైతే, డిగ్రీకి ఎంత ఉండాలి?

తమరు కోప్పడనంటే మా లెక్క చెప్తాం. సెమిస్టర్ మొదలవకముందే గైడ్ గారు మెయింటైనర్లకు రాసి, వారానికో గంట ఇచ్చేవారు ఒక్కరైనా ఉన్నారా అని అడగాలి. అరవై మంది క్లాసును ఒకే రిపాజిటరీ మీదికి తోలకూడదు, నలుగురు చాలు. కొత్తవాళ్ల కోసం మేము గుర్తుపెట్టే ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ దారి తెలియడానికి పెట్టిన మైలురాయి, అదే ప్రాజెక్టనుకుంటే మధ్యాహ్నానికి అయిపోతుంది.

మొదటి రెండు వారాలు ఒక్క అక్షరం మార్చకుండా బిల్డ్ చేసి, ఉన్న టెస్టుల్ని పాస్ చేయించాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. తమ మెషీన్‌లోని కంపైలర్ వెర్షన్ వేరు, సీఐ వాడేది వేరు. ఏది వాడాలో సీఐ ఫైల్లోనే రాసుంటుంది, చదవరు. డౌన్‌లోడ్ త్వరగా అవుతుందని డెప్త్ 1తో, అంటే చివరి కమిట్ ఒక్కటే తీసుకుని, క్లోన్ చేస్తే చరిత్ర రాదు, చరిత్ర లేకపోతే కమిట్లను సగానికి సగం చేస్తూ తప్పును వెతికే బైసెక్ట్ లేదు. బైసెక్ట్ ఉంటే వెయ్యి కమిట్లలో తప్పు ఎక్కడ దూరిందో పది పరీక్షల్లో తేలిపోతుంది. అయిదో వారానికి బగ్‌ను తమ కళ్లముందు రప్పించి, దాన్ని పట్టుకునే టెస్టు రాయాలి. ఆ టెస్టు ముందు ఫెయిలవ్వాలి, లేకపోతే అది పట్టుకున్నది ఇంకేదో. తొమ్మిదో వారం దాటకుండా పుల్ రిక్వెస్టు తెరవాలి. మేము చూసేది ఉద్యోగాలయ్యాక కాబట్టి ఒక్కో రౌండుకి వారం పది రోజులు, రౌండ్లు కనీసం మూడు.

విద్యార్థి రాసిన కోడ్ సంస్థదే అని తమరి నిబంధనల్లో ఉంటే, ఈ కోడ్ ఇచ్చే అధికారం నాకుందని చెప్పే ‘సైన్డ్ ఆఫ్ బై’ సంతకం పెట్టే హక్కు ఎవరిదో ముందే తేల్చండి. ప్లేజియరిజం సాఫ్ట్‌వేర్‌కి కూడా ఓ మాట చెప్పండి. ఇంటర్నెట్‌లో దొరికిందని అది పట్టుకునే కోడ్, ఆ పిల్లవాడు తన పేరుతో పెట్టిన కమిటే కావచ్చు.

మార్కులంటారా, బగ్‌ను రప్పించిన తీరుకీ, టెస్టుకీ, మా ప్రశ్నలకు ఇచ్చిన జవాబులకీ వెయ్యండి. మేము వద్దని మూసేసిన ప్యాచ్ ఎందుకు వద్దన్నామో వైవాలో చెప్పగలిగితే, దానికీ వెయ్యండి.

ఇట్లు,
రాత్రి భోజనాలయ్యాక రివ్యూలు చేసే మెయింటైనర్లు

తా.క.: బైండు చేసిన రికార్డు మాకు పంపనక్కర్లేదు. ఆ మూడు లైన్ల నల్ చెక్‌ను మాత్రం, ట్యాబుల జోలికి పోకుండా, వేరే బ్రాంచ్ మీద మళ్లీ పంపమనండి. అది మాకు నిజంగానే కావాలి.