లక్క వార్నిష్ గారికి, కృతజ్ఞతలతో కూడిన ఫిర్యాదు

మహారాజశ్రీ లక్క వార్నిష్ గారికి,

పాత చిత్రపటాలను బాగుచేసి పొట్టపోసుకునే మీ విధేయుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీరు క్షేమంగానే ఉన్నారని నాకు తెలుసు. మూడు వారాలుగా రోజూ మిమ్మల్ని తుడుస్తూనే ఉన్నాను, మీరు మాత్రం ఓ పట్టాన చలించడం లేదు.

మీ వంశం గొప్పది, కాదనను. మోదుగ, రేగు కొమ్మలమీద ఒక చిన్న పురుగు స్రవించిన జిగురుగా పుట్టి, ఏటికొప్పాకలో గిరగిరా తిరిగే అంకుడు కర్రకు ఒరుసుకుని, ఆ రాపిడి వేడికి కరిగి బొమ్మలకు అందాన్నిచ్చారు. దుర్యోధనుడైతే మీతో ఏకంగా ఇల్లే కట్టించాడు. పైకి ముచ్చటగా ఉండి లోపలివారికి ముప్పు తెచ్చే మీ స్వభావాన్ని మేము ఆనాడే గమనించవలసింది.

గమనించలేదు. 1920ల తొలినాళ్లలో నిజాం ప్రభుత్వం అజంతా చిత్రాలను కాపాడడానికి ఇటలీ నుంచి లోరెంజో చెక్కోనీ, ఓర్సినీ అనే ఇద్దరు నిపుణులను రప్పించినప్పుడు, ఊడిపోతున్న రంగు పెళ్లలను నిలబెట్టే పనిలో మిమ్మల్ని కూడా గోడ ఎక్కించారు. వారిని తప్పుపట్టను, ఆనాటికి తెలిసిన మంచి మందు అదే. అయితే మీరు మెల్లగా పచ్చబడి, ఆపైన గోధుమరంగుకు తిరిగి, దుమ్మును కూడా అతిథిగా ఆహ్వానించారు. మిమ్మల్ని సాగనంపడానికి పురావస్తు శాఖ రసాయన నిపుణులు తర్వాత ఏళ్ల తరబడి శ్రమపడవలసి వచ్చింది. ఒక తరం చేసిన వైద్యమే తర్వాతి తరానికి రోగమై కూర్చోవడం మా వృత్తిలో మామూలే. అందుకే పూసేవాడు తీసేవాడి గురించి కూడా ఆలోచించాలని మేమొక నియమం పెట్టుకున్నాం.

ప్రస్తుతం నా బల్లమీద ఉన్నది కోనసీమలోని ఒక లోగిలి నుంచి వచ్చిన నాయనమ్మగారి తైలవర్ణ చిత్రం. అరవై ఏళ్ల కిందట ఆ ఇంట్లో పెళ్లికని వడ్రంగి తలుపులకు లక్క పాలిష్ పెట్టాడట. డబ్బాలో కాస్త మిగిలితే, పారబోయడమెందుకని ఎవరో పుణ్యాత్ములు "నాయనమ్మకు కూడా ఒక చెయ్యి వెయ్యి" అన్నారట. పెళ్లినాడు ఆవిడ వీధి తలుపుతో సమానంగా మెరిసిందని ఆ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అతినీలలోహిత దీపం కింద పెట్టగానే మీరు నారింజరంగులో వెలిగిపోయారు. వడ్రంగి కుంచె ఎటునుంచి ఎటు లాగాడో, ఎక్కడ ఆగి బీడీ కాల్చుకున్నాడో కూడా కనిపించిందంటే నమ్మండి. పైనున్న మసిని, దుమ్మును నా ఉమ్మితోనే తీశాను. పుల్లకు దూది చుట్టి, నాలుకకు అద్ది, మెల్లగా దొర్లించాలి. ఉమ్మిలోని ఎంజైములు ఈ పనిలో చాలా సీసాల మందులకంటే మెరుగు. (ఈ సంగతి ఆ ఇంటివాళ్లకు చెప్పలేదు.) మీ దగ్గరికి వచ్చేసరికి స్పిరిటు కావలసి వచ్చింది. కొత్తలో స్పిరిటులో ఇట్టే కరిగే మీరు ముసలితనంలో మొండికేస్తారు. మీకోసం ఘాటు పెంచితే కింది రంగు కూడా మీతో వచ్చేస్తుంది. అందుచేత భూతద్దం పెట్టుకుని, రోజుకు అరచేయంత మేర దాటకుండా, దూది మీద గోధుమరంగు బదులు మరే రంగు మెరిసినా గుండె ఆగినంత పనై వెంటనే చెయ్యి తీసేస్తూ గడిపాను. దీనికి నేనడిగిన కూలి విని ఇంటి యజమాని, "దూదితో తుడిచినందుకా?" అన్నారు. మీసమైతే దట్టం చేయమనేవారేమో, నాయనమ్మ కాబట్టి ముఖం కాస్త తెల్లగా చేయమన్నారు.

నిన్న మధ్యాహ్నం పమిటచెంగు దగ్గర మీరు వదిలారు. ఆ ఇంటిల్లిపాదికీ తెలిసిన ఆకుపచ్చ చీర కింద నీలం బయటపడింది. మబ్బులేని సాయంకాలపు నీలం, దాని మీద చిత్రకారుడు సన్నని కుంచెతో ఒక్కొక్కటే పెట్టిన జరీ చుక్కలు. అరవై ఏళ్లుగా మీ పసుపు ఆ నీలంమీద పడి ఆకుపచ్చగా చలామణీ అయింది. వంద ఏళ్ల కిందటి ఆ చుక్కను ఈ కాలంలో మొదట చూసిన కన్ను నాది. ఆ ఒక్క క్షణానికి కూలి ఎవరూ ఇవ్వనక్కర లేదు, ఇస్తే మాత్రం తీసుకుంటాను.

సంతోషంతో ఫోటో పంపాను. అక్కడినుంచి చాలాసేపు మౌనం. తర్వాత పెద్ద కోడలుగారు ఫోన్ చేసి, ఆ చీరకు జోడుగా ఉండాలని ఆ ఇంటి ఆడపిల్లలందరికీ పెళ్లిలో ఆకుపచ్చ పట్టే పెడుతూ వచ్చామని, వచ్చే నెల పెళ్లికి కూడా కొనేశామని, దయచేసి నాయనమ్మను మళ్లీ మామూలుగా చేసి పంపమని అడిగారు.

తుడిచిన చోటికీ తుడవని చోటికీ తేడా తెలియాలని, చట్రం కింద దాగే మూలలో అగ్గిపెట్టెంత చదరం తాకకుండా వదిలేయడం మా ఆనవాయితీ. అక్కడ మీరు యథాతథంగా ఉన్నారు. పెళ్లికి వచ్చిన చుట్టాలు ఎవరైనా పట్టుబడితే, చట్రం కొంచెం పక్కకు జరిపి ఆ ముక్క చూపించమని చెప్పాను.

ఇట్లు,
మీ వల్ల బతుకుతున్న
విధేయుడు