చెంబులో చీటీలు అలాగే ఉండనివ్వండి

దసరా వెళ్లాక వచ్చే మొదటి శనివారం మా గోల్ఫ్ బృందానికి ఏడాదికోసారి వచ్చే పెద్ద పండగ. టెక్సస్‌లోని మా ఫ్రిస్కోలో ఎండ అప్పటికి కాస్త దారికొస్తుంది. ఆయుధపూజ నాడు పెట్టిన కుంకుమ బొట్టు డ్రైవర్లు, పుట్టర్లు అనే మా గోల్ఫ్ కర్రల మీద ఇంకా చెరగకముందే క్లబ్‌హౌస్ ముందు బ్యాగులు దించుతాం. అక్కడ మడత బల్ల మీద ఇత్తడి చెంబు ఒకటి ఉంటుంది. పెంబర్తి పనితనం. మాలో ఒకాయన జనగామ నుంచి వస్తూ పంచెల మధ్య చుట్టి సూట్‌కేసులో తెచ్చారు. దాన్నిండా మా పేర్లు రాసిన చీటీలు. ఆ రోజు ఎవరు ఎవరితో ఆడాలో ఆ చీటీలే తేలుస్తాయి.

ఈ ఏడాది ఆ చీటీలు మానేద్దామనే మాట వచ్చింది. నలుగురేసి ముందే జట్టు కట్టుకుని పేర్లు ఇస్తే, జట్టుకింత అని కంపెనీలు డబ్బు కడతాయట. విరాళాలు పెరుగుతాయట, పని తేలికవుతుందట. ఈ ఆలోచన చేసినవాళ్లంతా బృందం కోసం చాకిరీ చేసినవాళ్లే, వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. అయినా ఇది తప్పు అని గట్టిగా చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఏడేళ్ల కిందట నేను మొదటిసారి ఆ చెంబు ముందు నిలబడ్డప్పుడు బృందంలో ఆడవాళ్లం ఇద్దరమే. నేను క్లబ్బు, అంటే గోల్ఫ్ కర్ర, చేతబట్టి ఆరు నెలలు కూడా కాలేదు. జట్టు కట్టుకుని రమ్మని ఉంటే నన్ను ఎవరు పిలిచేవారు? వాళ్లకి మనసు లేక కాదు. ప్రతి శనివారం కలిసి ఆడే నలుగురికి అయిదో మనిషి గుర్తుకురాదు, అంతే. ఆ రోజు నా చీటీ తెనాలి పెద్దాయన ఒకరి చీటీతో కలిసింది. మొదటి టీ దగ్గర, అంటే ఆట మొదలుపెట్టి తొలి బంతి కొట్టే చోట, నా చేతులు వణుకుతుంటే ఆయన, "అమ్మాయ్, బంతి ఎటు పోతేనేం, వెతుక్కుందాం. నువ్వు మాత్రం తల ఎత్తకుండా కొట్టు" అన్నారు. ఏడో హోల్‌లో పన్నెండడుగుల పుట్, అంటే బంతిని గుంతలోకి దొర్లించే దెబ్బ, మిగతా ముగ్గురికీ తప్పింది, నాది పడింది. ఆ స్కోర్‌కార్డు ఇప్పటికీ మా వంటింటి సొరుగులో ఉంది.

మేం ఆడేది స్క్రాంబుల్. నలుగురూ కొడతారు, అందులో బాగా పడిన బంతి దగ్గరికి అందరూ వెళ్లి మళ్లీ అక్కణ్నించి కొడతారు. ఒక్కొక్కరి టీ షాట్ కనీసం రెండుసార్లయినా వాడుకోవాలన్నది మా నియమం. కొత్తవాళ్లని కార్ట్‌లో కూర్చోబెట్టి లాక్కుపోవడం అందువల్ల కుదరదు. చీటీలు కూడా గుడ్డిగా తీయం. హ్యాండిక్యాప్‌ని (ఎవరెంత బాగా ఆడతారో చెప్పే అంకె, తక్కువుంటే ఆట అంత బాగున్నట్టు) బట్టి నాలుగు రంగుల కాగితాల మీద పేర్లు రాసి, ప్రతి జట్టుకూ రంగుకొకటి చొప్పున తీస్తాం. బాగా ఆడేవాళ్లంతా ఒకే జట్టులో పోగవరు, కొత్తవాళ్లంతా ఒకచోట మిగలరు. కొత్తవాళ్లతో ఆట సాగదని బాధపడేవాళ్లు మాలో ఉన్నారు. ఆ బాధ మామూలు శనివారాల్లో న్యాయమే. స్క్రాంబుల్‌లో మాత్రం సరిగ్గా పడని బంతిని జేబులో వేసుకుని ముందుకు నడవడమే కదా. అసలు గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ ఉన్నది ఎందుకు? పదేళ్లుగా ఆడేవాళ్లూ నిన్న మొన్న మొదలుపెట్టినవాళ్లూ ఒకే గీత మీద నిలబడడానికి. 2020 నుంచి ప్రపంచమంతటా ఒకే లెక్క వచ్చింది, ఆడవాళ్లకీ మగవాళ్లకీ గరిష్ఠం 54. ఇంత చక్కని ఏర్పాటు చేతిలో పెట్టుకుని, మన స్థాయివాళ్లతోనే ఆడతామనడం నాకు అర్థం కాదు.

మూడేళ్ల కిందటి సంగతి మరొకటి చెప్పాలి. మా జట్టులో పడిన ఒక కుర్రాడు పద్నాలుగో హోల్ దాకా నోరు విప్పలేదు. అక్కడ ముందు జట్టు కదలక ఆగిపోయాం. నీళ్ల సీసా మూత తిప్పుకుంటూ, ఉద్యోగం పోయి మూడు వారాలైందని చెప్పాడు. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకి, ఉద్యోగం పోయాక కొత్తది వెతుక్కోవడానికో దేశం వదలడానికో ఉండే ఆ 60 రోజుల గడువు అంటే ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్లకి విడమరచి చెప్పక్కర్లేదు. ఊళ్లో అమ్మానాన్నలకి చెప్పలేదు, రూమ్మేట్లకి కూడా చెప్పలేదు. మా నలుగురిలో ఒకావిడ అంతకుముందే ఆ దారిన నడిచి వచ్చిన మనిషి. మిగిలిన నాలుగు హోల్స్‌లో స్కోరు ఏమైందో మేం ఎవరం పట్టించుకోలేదు. ఏ కాగితం ఎప్పటిలోగా పెట్టాలి, ఏ లాయర్‌ని ఏం అడగాలి అని ఆవిడ చెబుతూనే ఉంది, అతను స్కోర్‌కార్డు వెనకాల రాసుకుంటూనే ఉన్నాడు. తన స్నేహితులతో వచ్చి ఉంటే ఆ మాట నోటి నుంచి వచ్చేది కాదని తర్వాత అతనే అన్నాడు.

మన సంఘాల సంగతి మనకి తెలియనిదా? ఊరిని బట్టి, ఆఫీసుని బట్టి, పైకి చెప్పుకోని ఇంకా కొన్నిటిని బట్టి భోజనాల దగ్గర కూడా విడివిడి బల్లలు. జట్లు మనమే కట్టుకుంటే ఆ బల్లలే పచ్చిక మీదికి వస్తాయి.

గోల్ఫ్‌లో మనుషులు తమవాళ్లని తామే ఎంచుకుంటే ఎంత దూరం పోతుందో చూడండి. 1744లో స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో పక్కన లీత్ మైదానంలో ఆడేవాళ్లు 13 నియమాలు రాసుకున్నారు. ఈ ఆట నియమాలకి దొరికిన మొదటి రాతప్రతి అదే. ఊరి కౌన్సిల్ వెండి క్లబ్బు ఒకటి బహుమతిగా పెట్టింది. ఆ ఏడు గెలిచిన జాన్ రాట్రే అనే శస్త్రవైద్యుడు వాళ్లకి కెప్టెన్ అయ్యాడు. కెప్టెన్లు ఒక్కొక్కరూ ఆ క్లబ్బుకి ఒక వెండి బంతి తగిలించడం ఆనవాయితీ అయింది. ఎంత అందమైన సంప్రదాయం! ఆ బృందమే ఇప్పుడు మ్యూర్‌ఫీల్డ్ గోల్ఫ్ మైదానంలో ఉంది. ఆడవాళ్లని సభ్యులుగా తీసుకోవడానికి వాళ్లు ఓటు వేసింది 2017లో, మొదటి ఆడసభ్యులు అడుగుపెట్టింది 2019లో. పాత ఆచారాల్లో ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో మనం చూసుకోవాలి. వాళ్ల వెండి బంతుల్లాగే మేం చెంబు మీద గెలిచినవాళ్ల పేర్లు కొట్టిస్తాం. పెళ్లి సామాను గిన్నెల మీద అమ్మ పేరు కొట్టించినట్టే, చుక్కలు చుక్కలుగా, తెలుగులో.

అమెరికాలో ఆగస్టాలో జరిగే మాస్టర్స్ పోటీలో కిందటేడు గెలిచినవాళ్లు మిగతా విజేతలకి విందు ఇచ్చే అలవాటు 1952లో బెన్ హోగన్ అనే గోల్ఫర్ మొదలుపెట్టాడు. మా దగ్గర కిందటేడు గెలిచిన జట్టు అందరికీ పొద్దున్నే పులిహోర, ఇడ్లీ, అల్లం పచ్చడి తెస్తుంది. చీటీలు కలిపిన నలుగురు కాబట్టి ఎవరి వంటింట్లో వండాలనే చర్చతోనే నాలుగు కుటుంబాలు ఒకటవుతాయి. జట్లు ముందే కట్టుకుంటే ఆ ఇళ్లు ఎలాగూ కలిసే ఇళ్లే.

డబ్బు సంగతికొస్తే, హోల్‌కి ఒకటి చొప్పున 18 బోర్డులు ఉన్నాయి, వాటిని కంపెనీలకి ఇవ్వండి. టోపీల మీద, నీళ్ల సీసాల మీద పేర్లు వేసుకోనివ్వండి. కొంత తక్కువ వస్తే మన సభ్యత్వ రుసుము పెంచుదాం, ముందుగా నేను కడతాను. చెంబు మాత్రం అమ్మకానికి పెట్టొద్దు.

2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని నాపాలో గోల్ఫర్ సాహిత్ తీగల పోటీ గెలిచినప్పుడు, హైదరాబాదు మూలాలున్న మన పిల్లవాడని ఇంటింటా సంబరపడ్డాం. ఆ తర్వాత మా అమ్మాయి తనూ ఆడతానంది. ఇప్పుడు దానికి పదిహేనేళ్లు. ఈసారి మొదటి చీటీ దానిదే రాశాను. నాలుగు రంగుల కాగితం కొని కత్తిరించి ఉంచాను, మీటింగుకి పట్టుకొస్తాను.