కాదనైనా చెప్పండి!

రాతప్రతి పంపడం, అది తిరుగుటపాలో రావడం అలవాటైపోయిన కొత్త రచయితకు చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే కథ ఒకటే. జె.కె. రౌలింగ్ కథ. హ్యారీ పోటర్ మొదటి పుస్తకాన్ని పన్నెండు మంది ప్రచురణకర్తలు వద్దన్నారు, చివరికి 1997లో బ్లూమ్స్‌బరీ వేసింది, ఆ తర్వాతి సంగతి పిల్లలను అడిగినా చెబుతారు. కాబట్టి నువ్వూ పంపుతూనే ఉండు అంటారు. ఈ ఓదార్పు నాకు ఎప్పుడూ ఎక్కలేదు. లాటరీ తగిలినవాడిని చూపించి ఇంకో నాలుగు టికెట్లు కొనుక్కోమన్నట్టు ఉంటుంది. పదమూడో తలుపు కూడా తెరుచుకోని వాళ్లు ఏమయ్యారు? వాళ్ల పేర్లే మనకు తెలియవు, ఇక కథ ఎవరు చెబుతారు? అమెరికన్ రచయిత జాన్ కెన్నెడీ టూల్ పేరు తెలిసిందంటే అది వాళ్లమ్మ పట్టుదల పుణ్యమే. ఆయన 1969లో, 31 ఏళ్లకే పోయారు. ఆవిడ ఆయన రాసిపెట్టిన ‘ఎ కాన్ఫెడరసీ ఆఫ్ డన్సెస్’ నవలను పట్టుకుని తిరిగి తిరిగి 1980లో అచ్చు వేయించింది. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు.

నా వాదన వేరు. రచయితను కుంగదీసేది తిరస్కరణ కాదు, ఏ జవాబూ రాకపోవడం. తిరస్కరణను ఎలా తట్టుకోవాలో రచయితలకు అందరూ క్లాసు పీకుతారు. మర్యాదగా తిరస్కరించడం ఎలాగో ప్రచురణకర్తలకు మాత్రం ఒక్కరూ చెప్పరు.

మంచి తిరస్కరణ ఎలా ఉంటుందో చూడాలంటే 1944 జూలైకి వెళ్లాలి. జార్జ్ ఆర్వెల్ ‘యానిమల్ ఫామ్’, అంటే యజమానిని తరిమేసిన జంతువుల మీద చివరికి పందులే పెత్తనం చేసే కథ, లండన్‌లోని ఫేబర్ అండ్ ఫేబర్ ప్రచురణ సంస్థకు వెళ్లింది. చదివి జవాబు రాసింది అక్కడ డైరెక్టర్‌గా ఉన్న కవి టి.ఎస్. ఎలియట్. రచన గొప్పగా ఉందని ఒప్పుకున్నాడు. కానీ ప్రస్తుత రాజకీయ పరిస్థితిని విమర్శించడానికి ఇది సరైన కోణమని మాకు నమ్మకం కలగడం లేదన్నాడు. అక్కడితో ఆగాడా? మీ కథలో పందులే అన్నిటికన్నా తెలివైనవి కదా, ఫామ్‌ను నడపడానికి అవే తగినవి కదా, కావాల్సింది ప్రజల మేలు కోరే పందులేమో అని కూడా రాశాడు! ఈరోజు చదివితే నవ్వొస్తుంది. పుస్తకం ప్రాణమంతా ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఆయన తప్పులో కాలేశాడు. అయినా నాకు ఆ ఉత్తరమంటే గౌరవం. ఎందుకంటే అందులో ఒక పాఠకుడున్నాడు, అతనికో అభిప్రాయం ఉంది, దాని కింద సంతకం ఉంది. ఆ అభిప్రాయంతో ఆర్వెల్ పోట్లాడొచ్చు, నవ్వుకోవచ్చు, ‘వీడికి అర్థం కాలేదు’ అని తేల్చుకుని ఇంకో తలుపు తట్టొచ్చు. 1945 ఆగస్టులో సెకర్ అండ్ వార్‌బర్గ్ ఆ పుస్తకాన్ని తెచ్చింది. కారణం తప్పయినా ఫర్వాలేదు. కారణమంటూ ఒకటి చెబితే దాన్ని పక్కన పెట్టి ముందుకు వెళ్లే వీలుంటుంది. మౌనాన్ని ఏ పక్కన పెడతాం?

ఆ ‘వద్దు’కు ఎంత విలువ ఇవ్వాలో కూడా ఇదే ఫేబర్ నేర్పుతుంది. విలియం గోల్డింగ్ మొదటి నవల చాలా చోట్ల తిరిగి, అంచులు నలిగి అక్కడికి చేరింది. రాతప్రతులు చదివే ఆవిడ ‘చెత్త, విసుగు’ అని గీకి పక్కన పడేసింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన చార్లెస్ మాంటీత్ దాన్ని తీసి చదివి, కొన్ని భాగాలు కోయించి, పేరు మార్పించి 1954లో వేయించాడు. అదే ‘లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్’. గోల్డింగ్‌కు 1983లో నోబెల్ వచ్చింది. అప్పటికే పేరున్న నవలా రచయిత్రి డోరిస్ లెస్సింగ్ అయితే కావాలనే పరీక్ష పెట్టింది. 1980ల మొదట్లో జేన్ సోమర్స్ అనే మారుపేరుతో ఒక నవల పంపితే, ఎన్నో ఏళ్లుగా తన పుస్తకాలు వేస్తున్న జొనాథన్ కేప్ వాళ్లే వద్దన్నారు. అక్షరాలు అవే, చెయ్యి అదే, మారింది కవరు మీద పేరు ఒక్కటే. 2022లో అమెరికా కోర్టులో పెంగ్విన్ రాండమ్ హౌస్ అధిపతి మార్కస్ డోలే సాక్ష్యం చెబుతూ ఈ వ్యాపారంలో విజయమంతా యాదృచ్ఛికమేనని, తమ పేరులో రాండమ్ ఉన్నది అందుకేనని అన్నాడు. చమత్కారానికే అన్నాడనుకుందాం. అయినా ఏది ఆడుతుందో అంత పెద్ద సంస్థ అధిపతికే తెలియనప్పుడు, వాళ్ల దగ్గర్నుంచి వచ్చిన రెండు లైన్లను రచయిత తన తెలివికి వేసిన మార్కులుగా ఎందుకు చదువుకోవాలి?

ప్రచురణకర్తల వైపు నుంచి చెప్పే మాట తెలుసు. కుప్పలుగా వచ్చి పడతాయి, చదివేవాళ్లు తక్కువ, జవాబిస్తే వాదనకు దిగే రచయితలూ ఉంటారు, అందుకే మూడు నెలల్లో కబురు రాకపోతే వద్దన్నట్టే అనుకోండి అని ముందే చెబుతున్నాం అంటారు. అలా గడువు చెప్పేవాళ్లతో నాకు పేచీ లేదు, అది నిజాయితీయే. గడువూ చెప్పక, జవాబూ ఇవ్వక, పైగా మా పరిశీలనలో ఉండగా ఇంకెవరికీ పంపకూడదని షరతు పెట్టేవాళ్లతోనే తగువు. ఎలియట్‌లా ఉత్తరం రాయమని ఎవరూ అడగడం లేదు. ‘తీసుకోలేకపోతున్నాం’ అనే ఒక్క మెయిల్, అదీ అచ్చు గుద్దినట్టు అందరికీ ఒకటే అయినా చాలు.

ఎదురుచూపు మనిషిని ఏం చేస్తుందో ఇందులో పడినవాళ్లకే తెలుసు. రాతప్రతిని దిద్దాలనిపించదు, ఈలోగా వాళ్లు పాత ప్రతిని చదివేస్తున్నారేమో అని. కొత్తది మొదలుపెట్టాలనిపించదు. రోజుకు పదిసార్లు ఇన్‌బాక్స్ తెరవడం, స్పామ్ ఫోల్డర్ వెతకడం, గుర్తు చేస్తే విసుక్కుంటారేమోనని టెన్షన్. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. గడువు వాళ్లు పెట్టకపోతే మనమే పెట్టుకోవాలి. పంపిన రోజే క్యాలెండర్‌లో మూడు నెలల తర్వాతి తేదీ దగ్గర గుర్తు పెట్టుకుని, ఆ రోజున రాతప్రతిని వెనక్కి తీసుకుంటున్నానని రెండు ముక్కలు రాసేయాలి. ఒకేసారి నలుగురికి పంపాలి, ఆ సంగతి నలుగురికీ చెప్పి మరీ పంపాలి. ఆ మూడు నెలలూ తర్వాతి పుస్తకం రాసుకోవాలి. తిరస్కరణ లేఖలను గోడకు తగిలించి కసి పెంచుకోమనే సలహా కూడా వింటుంటాం. కసితో రాసిన పుస్తకాలు ఎలా ఉంటాయో నేను కొన్ని చదివాను, వద్దు.

అసలు ఈ జబ్బు పుస్తకాల లోకానిది మాత్రమే కాదు. ఉద్యోగానికి ఇంటర్వ్యూ చేసి మళ్లీ మాట్లాడని కంపెనీ, దరఖాస్తు తీసుకుని మూలన పడేసే ఆఫీసు, ‘చూసి చెబుతాం’ అని చూడని పెద్దమనిషి, వీళ్లంతా ఒకే బడిలో చదువుకున్నారు. కాదంటే ఎందుకని అడుగుతారు. అదే ఏమీ అనకపోతే బాధ్యత ఉండదు, అధికారం మాత్రం చెక్కుచెదరదు. ఎవరు ఎవరి జవాబు కోసం ఎన్నాళ్లు ఎదురుచూడాలో చూస్తే చాలు, ఎవరి చేతిలో ఏముందో అర్థమైపోతుంది. కబుర్లు క్షణంలో చేరే కాలంలో ‘కాదు’ అనే మాటే కరువైంది.

నా రాతప్రతి ఒకటి ఒక ప్రచురణ సంస్థ దగ్గర పద్నాలుగు నెలలు ఉంది. మధ్యలో మూడుసార్లు గుర్తు చేశాను, ఉలుకూ పలుకూ లేదు. చివరికి ఒక ఉదయం, వెనక్కి తీసుకుంటున్నానని రెండు లైన్ల మెయిల్ పెట్టాను. ఇరవై నిమిషాల్లో జవాబొచ్చింది. మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం, సహకరించినందుకు కృతజ్ఞతలు అని.