కోతల కమిటీ వేస్తే అప్పు తీరుతుందా?

చిత్తూరులో, తిరుపతిలో వారం రోజులుగా అందరి ఫోన్లలోనూ ఒకటే మెసేజ్. "1941లోనే అమెరికా చట్టసభ ఒక కమిటీ వేసి, పనికిరాని పథకాలు ఎత్తేసి అప్పు తగ్గించుకుంది. మన అసెంబ్లీలో అలాంటి కమిటీయే లేదు. వేస్తే రాష్ట్రం అప్పు తీరిపోతుంది." పంపుతున్నవాళ్ల బాధ నాకు తెలుసు. కట్టిన పన్ను వృథా అయితే కడుపు మండుతుంది. కానీ ఆ మెసేజ్‌లో ఉన్న మాటలు నిలబడవు.

ముందు అమెరికా సంగతి. కమిటీ వేసిన మాట నిజమే, సెనెటర్ హ్యారీ బర్డ్ దానికి అధ్యక్షుడు. నిరుద్యోగులకు పని చూపించే రెండు పథకాలు, సీసీసీ 1942లో, డబ్ల్యూపీఏ 1943లో మూతపడ్డాయి. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఫ్యాక్టరీలకూ సైన్యానికీ మనుషులు చాలడం లేదు. పని దొరికింది కాబట్టి ఆ పథకాల అవసరం తీరింది. మరి అప్పు తగ్గిందా? 1941లో సుమారు 4,900 కోట్ల డాలర్లున్నది, యుద్ధం ఖర్చుతో 1945కి సుమారు 25,900 కోట్లయింది.

మన దగ్గర కమిటీ లేదనడం అసలే తప్పు. ఖర్చు ఎక్కడ తగ్గించవచ్చో చెప్పడానికే అంచనాల కమిటీ ఉంది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదికలు పట్టుకుని అధికారులను పిలిచి అడగడానికి ప్రజా పద్దుల కమిటీ, అంటే పీఏసీ ఉంది. అందులో 12 మంది, 9 మంది అసెంబ్లీ నుంచి, ముగ్గురు మండలి నుంచి. దాని అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 2024లో అది పాలక కూటమిలోని జనసేన ఎమ్మెల్యేకు వెళ్లింది. రేపు కొత్త కమిటీ వేసినా అందులోనూ పాలక పక్షం వాళ్లే ఎక్కువ ఉంటారు. వాళ్ల పథకాన్ని వాళ్లే కోస్తారా? ఉన్న కమిటీల నివేదికలపై సభలో ఎంతసేపు చర్చ జరిగిందో మన ఎమ్మెల్యేలను అడుగుదాం. ఈ ప్రశ్న నాకు ముఖ్యం.

ఇక అప్పు తీరడం. రాజ్యాంగం 202, 203 అధికరణాల ప్రకారం అప్పు మీద వడ్డీ సభలో ఓటింగ్‌కే రాదు, చర్చించవచ్చు అంతే. జీతాలు, పెన్షన్లు ఆపలేం. కత్తెర పడేది మిగిలినదాని మీదే.

ఆ మిగిలినదాంట్లో ఏది అనవసరం? 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినప్పుడు, ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలిస్తే ప్రభుత్వం 4 రూపాయలు కలిపి ఇస్తామంది. ధర బాగున్న ఏడాది లెక్క చూసేవాడికి అది దండగ ఖర్చులాగే కనిపిస్తుంది. కాయ కోత కూలి కూడా రాని రైతును అడగండి, ఏమంటాడో.

చిత్తూరు డెయిరీనే చూడండి. అప్పుల్లో కూరుకుపోయిందని 2002లో మూతపడింది. దాన్ని తిరిగి నిలబెట్టడానికి 2023లో మళ్లీ భూమిపూజ చేయాల్సి వచ్చింది. ఆ మధ్య ఇరవై ఏళ్లలో పాడి రైతు పోగొట్టుకున్నది ఏ పొదుపు లెక్కలో రాస్తారు?