చేతబడి ఉందని తెల్లవాళ్లే ఒప్పుకున్నారట!

ఒంగోలు, కనిగిరి వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: చేతబడి నిజమని ఒప్పుకునే తెల్లవాళ్లు 1735లో దాని మీద చట్టం చేశారు. యూరప్‌లో 90 లక్షల మంది మంత్రగత్తెలను కాల్చేశారు, లేనిదానికి అంతమందిని చంపుతారా? మన దేశంలోనూ చట్టాలున్నాయి, లేనిదానికి చట్టమెందుకు? పెద్ద చదువులవాళ్లే నమ్ముతున్నారు. అన్నిటికీ మించి, తాతల కాలంలో మన పొదిలి, దర్శి, కనిగిరి ఊళ్లలో ఎద్దులకూ మనుషులకూ వరసగా కాళ్లూ నడుములూ పడిపోయాయి, అది ప్రయోగం కాక మరేమిటి? చివర్లో ఒక గురువుగారి ఫోన్ నంబరు.

మన ఊళ్ల సంగతితోనే మొదలుపెడతాను.

పడిపోయిన మాట నిజమే. 1930లలో ఈ తాలూకాలు నెల్లూరు జిల్లాలో ఉండేవి. ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. దుక్కిటెద్దులు కీళ్లు బిగుసుకుపోయి అడుగు వెయ్యలేకపోతున్నాయని ముందు కనిపెట్టింది రైతులే. తర్వాత మనుషుల్లోనూ అదే కనిపించింది. షార్ట్ అనే డాక్టరు తన తోటివాళ్లతో కలిసి దీన్ని పరిశీలించి 1937లో ప్రచురించాడు. కారణం తాగే నీళ్లలోని ఫ్లోరైడ్. మన దేశంలో ఫ్లోరోసిస్ చరిత్ర మొదలయ్యేది ఈ ఊళ్ల నుంచే.

ఇక్కడిది రాతినేల, వానలు తక్కువ. భూమిలోకి దిగిన నీళ్లు రాళ్ల మధ్య చాలాకాలం నిలిచి, వాటిలోని ఫ్లోరైడ్‌ను కరిగించుకుంటాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో పేరుకుంటుంది. పిల్లలకు పళ్ల మీద గోధుమరంగు చారలు వస్తాయి. పెద్దలకు మొదట కీళ్ల నొప్పులు. ముదిరితే వెన్ను కర్రలా బిగుసుకుపోయి, తల పక్కకు తిప్పాలంటే మనిషి మొత్తం తిరగాల్సి వస్తుంది. ఇంటిల్లిపాదికీ, పక్కింటికీ వరసగా రావడమే ప్రయోగానికి రుజువు అంటోంది మెసేజ్. అందరూ తాగేది ఒకే బావి నీళ్లయినప్పుడు వరసగా రాక ఏమవుతుంది? అయినా మంత్రగాడికి మనుషుల మీద పగ ఉందనుకుందాం, ఎద్దులేం చేశాయి పాపం?

ఇక 1735 నాటి బ్రిటిష్ చట్టం. దీన్ని పూర్తిగా తలకిందులు చేశారు. చేతబడి నిజమని నమ్మి చేసిన చట్టాలు అంతకుముందువి. 1604 నాటి చట్టం ప్రకారం దానికి ఉరిశిక్ష కూడా పడేది. 1735 నాటి చట్టం వాటిని ఎత్తేసి, నాకు మంత్రశక్తి ఉందని చెప్పుకుని జనాన్ని మోసం చెయ్యడాన్ని నేరం చేసింది. శిక్ష ఏడాది జైలు. అంటే ఈ మెసేజ్ ఎవరిని మెచ్చుకుంటోందో, ఆ చట్టం పట్టుకునేది వాళ్లనే. 1944లో కూడా దాని కింద ఒకామెకు తొమ్మిది నెలల జైలు పడింది. హెలెన్ డంకన్ అని, చచ్చిపోయినవాళ్ల ఆత్మలను రప్పిస్తాననేది. ఆమె నోట్లోంచి తెల్లగా ఏదో పదార్థం బయటికొచ్చేది, అది ఆత్మ రూపం అనేది. అంతకు చాలా ముందే, 1931లోనే, హ్యారీ ప్రైస్ అనే పరిశోధకుడు దాన్ని పరీక్షించి, ముందుగా మింగి తర్వాత కక్కిన పల్చటి గుడ్డ అని తేల్చాడు. మన దగ్గర నోట్లోంచి లింగాలూ వెంట్రుకలూ తీసేవాళ్లకు ఈవిడ సీనియర్ అన్నమాట. ఆ చట్టాన్ని 1951లో రద్దు చేసి, ఆత్మలతో మాట్లాడతామని మోసం చేసే దొంగ మీడియంల మీద కొత్త చట్టం తెచ్చారు.

90 లక్షల లెక్క 1784లో పుట్టింది. ఫోయ్‌గ్ట్ అనే జర్మన్ ఆయన తన ఊరి రికార్డుల్లో దొరికిన కొద్దిపాటి కేసులను యూరప్ మొత్తానికి, కొన్ని వందల ఏళ్లకు హెచ్చవేశాడు. వచ్చిన అంకె 94,42,994. చివరి నాలుగు దాకా అంత కచ్చితంగా! ఇప్పటి చరిత్రకారుల అంచనా 40 నుంచి 60 వేలు. అందరినీ కాల్చనూ లేదు. ఇంగ్లండులో ఉరితీసేవాళ్లు. అమెరికాలోని సేలంలో 1692లో ఉరితీసింది 19 మందిని. మరి లేనిదానికి ఎందుకు చంపారంటే, చిత్రహింసలు పెట్టి ఒప్పించారు కాబట్టి. ఆ దెబ్బలకు ఎవరైనా ఒప్పుకుంటారని ష్పే అనే జెసూట్ ఫాదర్ 1631లోనే రాశాడు. తిరగేసి కొడితే మనమూ ఒప్పుకుంటాం.

మన దేశపు చట్టాలదీ ఇదే కథ. బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో, ఛత్తీస్‌గఢ్ 2005లో చట్టాలు చేశాయి. అవి శిక్షించేది మంత్రగత్తెను కాదు, ఒక ఆడమనిషికి ఆ ముద్ర వేసి కొట్టేవాళ్లను. మహారాష్ట్ర చట్టం 2013లో, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను పుణెలో కాల్చి చంపాక వచ్చింది.

చదువుకున్నవాళ్లు నమ్ముతున్నారన్నది మాత్రం అబద్ధం కాదు. కానీ అందులో రుజువేముంది? యూరప్‌లో ఆ విచారణలు నడిపింది చదువుకున్న జడ్జీలే. స్విట్జర్లాండులోని గ్లారుస్‌లో అన్నా గోల్డీ అనే పనిమనిషి పాలల్లో సూదులు వేసిందని, ఆ ఇంటి పాప నోట్లోంచి సూదులు పడ్డాయని 1782లో ఆమె తల నరికించారు. ఆమె యజమాని డాక్టరే. ఆమె నిర్దోషి అని 2008లో అక్కడి పార్లమెంటు ప్రకటించింది. అంత దూరం ఎందుకు, 2021 జనవరిలో మదనపల్లెలో తిరిగి బతుకుతారన్న నమ్మకంతో కూతుళ్లిద్దరినీ చంపుకున్న తల్లిదండ్రులు పాఠాలు చెప్పేవాళ్లే.

మంత్రగాళ్లు చూపించే ఎరుపు నీళ్లు, మంటల్లాంటి మహిమల గురించి ఎక్కువ చెప్పను. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని మన ఇళ్లలో ఎవర్నడిగినా చెబుతారు. పొటాషియం పర్మాంగనేట్ మీద గ్లిసరిన్ పోస్తే అగ్గిపుల్ల లేకుండానే మంట వస్తుంది. జన విజ్ఞాన వేదిక వాళ్లు ఇలాంటివి బడుల్లో చేసి చూపిస్తూనే ఉన్నారు.

ఇక ఆ గురువుగారి నంబరు. పక్షవాతం, ఫిట్స్, పిల్లలు పుట్టకపోవడం, వీటన్నిటినీ మంత్రించిన రేకు యంత్రంతో నయం చేస్తారట. 1954 నాటి మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం తాయెత్తుతో, మంత్రంతో, కవచంతో ఈ జబ్బులు తగ్గిస్తామని ప్రకటన ఇవ్వడమే నేరం. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు. చట్టం ఉంది కాబట్టి నిజమే అని వాదించిన మెసేజ్, పనికొచ్చే ఈ ఒక్క చట్టాన్ని మాత్రం రాయడం మరిచిపోయింది.